బంగారమ్మ వత్తులు

పొద్దున్నే ఫ్యాక్టరీ భోంపు కూసేసరికి పద్మకుమారి పొయ్యి మీద మైనం పెట్టేసేది. టీ ఆ తరవాతే. హిందీ మాట్లాడే ఆ ఉక్కు ఊళ్ళో, తెలుగువాళ్ళు చేరిన భుయ్యాడీహ్ బస్తీలో మిగతా ఇళ్ళలోంచి అల్లం వాసన వస్తుంటే వీళ్ళింట్లోంచి మైనం వాసన వచ్చేది. పెద్ద గిన్నెలో నీళ్ళు, ఆ నీళ్ళలో చిన్న డేక్షా, డేక్షాలో మైనం ముక్కలు. మైనాన్ని తిన్నగా మంట మీద పెట్టకూడదని ఆమెకి ఎవరూ చెప్పలేదు. మొదటి వారంలోనే కనుబొమలు కాల్చుకుని స్వయంగా తెలుసుకుంది. అవి మళ్ళీ మొలిచాయి గానీ ఎడమవైపుది కాస్త పలచగా మొలిచింది.

ఆమె మొగుడు ఆదిబాబు గోల్‌మురిలో ఒక రేకుల ఫ్యాక్టరీలో ఠేకేదారు కింద కాంట్రాక్టు కూలీగా పనిచేసేవాడు. తుక్కు కింద అమ్మే రేకు ముక్కలు కొనుక్కొచ్చి, సైకిల్ పంపు చుట్టూ చుట్టి, అతుకు పెట్టి గొట్టాలు చేసిచ్చేవాడు. అవే అచ్చులు. గొట్టం నడుమ వత్తి వేలాడదీసి, పైకొసని చీపురుపుల్లకి కట్టి, అడుగు చిల్లుని మెత్తటి మైనంతో మూసి, కరిగింది పోసి బకెట్ నీళ్ళలో నిలబెట్టడమే. చల్లారాక గొట్టాన్ని రెండు అరచేతుల మధ్య తిప్పితే కొవ్వొత్తి జారి బయటికొస్తుంది. అలా జారిన ప్రతిసారీ పద్మకుమారికి లోపలెక్కడో గంతేసినట్టుండేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని చేసినా ఆ సంబరం తగ్గలేదు. అదేం మనిషో.

వత్తులు మాత్రం అత్తగారు బంగారమ్మవి. వరండాలో పీట బోర్లించుకుని, గింజ తీసిన పత్తిని వేళ్ళతో సాగదీసి, చిటికెడు విబూది అద్ది, అరచేత్తో ఒక్క నెట్టు నెట్టేది. మూరెడు వత్తి నున్నగా దొర్లుకుంటూ వచ్చేది. సోంపేట దగ్గర పల్లెలో చిన్నప్పుడు కార్తీక దీపాల కోసం నేర్చుకున్న విద్య అది.

బంగారమ్మ మనుషులతో మాట్లాడేది కాదు. మూగదీ కాదు, కోపిష్ఠిదీ కాదు. పెళ్ళికి ముందు ఆమె బదులు తండ్రి మాట్లాడేవాడు. పెళ్ళయ్యాక మొగుడు మాట్లాడాడు. మొగుడు పోయాక ఖరగ్‌పూర్‌లో రైల్వే వర్క్‌షాపులో ఉన్న పెద్దకొడుకు ధర్మరాజు మాట్లాడుతున్నాడు. తన వంతు వస్తుందేమోనని చూసి చూసి ఆమె ఆ ఆలోచనే మానేసింది. ఎవరేమడిగినా “మీరెలగంటే అలగే” అనేది. కూర ఏం వండాలన్నా అదే, ఊరెళ్తావా అన్నా అదే.

పత్తితో మాత్రం మాట్లాడేది. చుట్టుపక్కల ఎవరూ లేరనుకున్నప్పుడు, వత్తి నెడుతూ, గొంతు దించి, ఆపకుండా మాట్లాడేది. ఆ మాటలు వత్తిలోకి ఎక్కి కూర్చునేవి.

ఈ సంగతి కిందటేడు వానాకాలంలో తెలిసింది. అప్పటిదాకా పద్మకుమారి సాక్చీ బజారులో కొన్న దారం వాడేది. ఒకరోజు దారం అయిపోయింది, బయట వాన. అత్తగారు కార్తీకమాసానికని దాచుకున్న వత్తులు గూట్లో కనిపిస్తే నాలుగు తీసి అచ్చుల్లో పెట్టేసింది. ఆ సాయంత్రం కరెంటు పోయింది. అది ఎనభై ఒకటో సంవత్సరం. కంపెనీ క్వార్టర్లలో దీపాలు వెలుగుతూనే ఉండేవి గానీ బస్తీల్లో కరెంటు తనకి తోచినప్పుడు వచ్చి, తోచినప్పుడు పోయేది. పద్మకుమారి కొత్త కొవ్వొత్తి వెలిగించింది. మంట నిలదొక్కుకోగానే అత్తగారి గొంతు మొదలైంది.

“సంతలో ఆ సీరలోడు ఎర్ర సీర మడత ఇప్పి సూపించినాడు. నాను కొనమనలేదు. మళ్ళీ మడతెట్టీసినాడు. ఆ ఎరుపు ఇప్పటికీ కళ్ళల్లోనే ఉన్నాది. ఈ గుంటకి పప్పులో ఉప్పెయ్యడం తెలీదు. పిడికిలితో పోసీత్తాది. సెప్తే ఏటనుకుంటాదో.”

ఆదిబాబు నవ్వు ఆపుకోలేక అన్నం ఒలకబోసుకున్నాడు. పద్మకుమారి మొహం ఎర్రబడింది. బంగారమ్మ మాత్రం తన మాటలు కావన్నట్టు గోడకేసి చూస్తూ కూర్చుంది. మర్నాడు పప్పులో ఉప్పు తగ్గింది. బంగారమ్మ మారు వడ్డించుకుంది.

కొవ్వొత్తి మాట్లాడటం ఆ వీధిలో ఎవరికీ వింత కాలేదు. వాళ్ళకి వింతంటే సాయంత్రం కరెంటు ఉండటం. ఎదురింటి వరహాలమ్మ రెండో రోజే పరుగున వచ్చింది.

“ఓలమ్మి పద్మా, మీరిచ్చిన కొవ్వొత్తి సీర కాడికొచ్చి అయిపోనాది. కొన్నాదా లేదా? ఇంకోటియ్యి.”

“లేదు పిన్నీ, కొనలేదు.”

“నువ్వు సెప్తే ఏటి బాగుంటాది? కొవ్వొత్తే ఇయ్యి.”

వ్యాపారం అలా ఎత్తుకుంది. రేడియోలో బ్యాటరీలు అయిపోయిన ఇళ్ళవాళ్ళు, రాత్రి డ్యూటీకి మొగుళ్ళని పంపి ఒంటరిగా ఉండే ఆడవాళ్ళు, అందరూ వచ్చారు. తెలుగు రానివాళ్ళూ వచ్చారు. గోల్‌మురిలో పాన్‌దుకాణం పండిత్ ఆరునెలలు ఈ కొవ్వొత్తులు వెలిగించి వెలిగించి, వచ్చిన తెలుగువాళ్ళనల్లా “ఏటి బావూ, సున్నం ఎక్కువెయ్యాలేటి?” అని అచ్చం సోంపేట ముసలమ్మలా పలకరించేవాడు. గోల్‌మురిలో పుట్టి పెరిగి, అంతవరకూ తెలుగులో అడిగితే సగం హిందీలో జవాబు చెప్పే పద్మకుమారికి కూడా నాలుక తిరిగింది.

చిక్కులూ వచ్చాయి. ఒకసారి వరహాలమ్మ కొన్న కొవ్వొత్తి ఆమె ఇంట్లోనే, ఆమె చుట్టాల ముందే, “వరహాలమ్మ ఆవకాయలో ఆవపిండి తప్ప అన్నీ ఉంటాయి” అనేసింది. వరహాలమ్మ ఆరిన ముక్క పట్టుకుని దెబ్బలాటకి వచ్చింది. కొవ్వొత్తి మాట్లాడినందుకు కాదు, ఆవకాయని అన్నందుకు. బంగారమ్మ ఆ రోజంతా పెరట్లోంచి రాలేదు. మరుసటి ఏడాది ఆవకాయ బ్రహ్మాండంగా కుదిరింది. ఆ జాడీ మొదట బంగారమ్మకే వచ్చింది.

ఇలా హాయిగా జరిగిపోతుండగా, దసరాకి ముందు, ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన చుట్టం ఒకాయన చేత ధర్మరాజు కబురు పంపాడు. ఒక గది, ఒక వరండా ఉన్న కొంపలో, సగం గది మైనానికి పోగా, అమ్మ మైనం పలకల పక్కన పడుకుంటోందని విన్నాడట. పెద్దకొడుకు బతికుండగా తల్లి వత్తులు నెట్టుకుని బతుకుతోందని నలుగురూ అంటున్నారట. దీపావళికి తనే వచ్చి అమ్మని తీసుకుపోతాడట.

పద్మకుమారి ఆ రాత్రి నిద్రపోలేదు. వత్తుల కోసమని మీరనుకోవచ్చు. వత్తుల కోసం కూడా. అయితే అసలు సంగతి, ఆ ముసలమ్మ మాటలు వినకుండా ఉండటం ఆమె వల్ల కాదు. తల్లి చిన్నప్పుడే పోయిన పిల్ల. ఇంత వయసొచ్చాక పప్పులో ఉప్పెక్కువైందని చెప్పే మనిషి దొరికింది.

తెల్లారేసరికి ఉపాయం తట్టింది. ఇంటివాళ్ళ పెరటి గది ఖాళీగా ఉంది. అది అద్దెకి తీసుకుని అత్తగారికి సొంతంగా గది ఇచ్చేస్తే బావగారు ఇంకేమంటాడు? ఆ అద్దె పుట్టాలంటే వీధి బేరాలు చాలవు. సాక్చీలో గోవర్ధన్ సేఠ్ దీపావళి సరుకు తీసుకోవాలి. అంతే, కొవ్వొత్తులు సంచిలో వేసుకుని బయల్దేరింది.

సేఠ్ ఒక కొవ్వొత్తిని వేళ్ళ మధ్య దొర్లించి చూశాడు. వంకర లేదు. వెలిగించాడు. పొగ లేదు, మంట వణకలేదు. బజారు దారంతో అంత తెల్లటి మంట రాదని అతనికి తెలుసు. తల ఊపుతుండగానే కొవ్వొత్తి ఎత్తుకుంది: “మా సిన్నప్పుడు గేదె సుబ్బరంగా పాలిచ్చీది. ఇప్పుడు పాలవోడు నీళ్ళిత్తన్నాడు…” సేఠ్ ఉఫ్‌మని ఊదేశాడు.

“బేటీ, లక్ష్మీపూజలో కూర్చుంటే ఇది గేదె సంగతి ఎత్తుకుంటుంది. బోల్‌నేవాలీ నహీ చాహియే. మాట్లాడనివి చెయ్యగలవా? పెట్టెలకి పెట్టెలు తీసుకుంటాను.”

“హో జాయేగా, సేఠ్‌జీ” అని ఒప్పేసుకుంది పద్మకుమారి. ఒప్పుకున్నాక, ఎలాగా అని ఆలోచన మొదలుపెట్టింది. దారి పొడవునా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆనందమో భయమో తేల్చుకోలేకపోయింది.

ఇంటికొచ్చి అత్తగారి ముందు చతికిలబడింది.

“అత్తా, ఒక మాట. దీపావళి దాకా వత్తులు నెట్టేటప్పుడు మాటాడకుండా ఉండగలవేటి?”

బంగారమ్మ చేతిలో పత్తి ఆగింది.

“మీరెలగంటే అలగే” అంది.

ఆ తరవాత ఆ మనిషి పడ్డ పాట్లు చూడాలి. వత్తి నెట్టగానే పెదాలు వాటంతటవే కదిలేవి. కదలగానే మూసుకునేది. మళ్ళీ కదిలేవి. చివరికి చుట్ట తీసి, వెలిగించకుండా, పళ్ళ మధ్య అడ్డంగా బిగించుకుంది. సోంపేట వైపు ఆడవాళ్ళు నిప్పు కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. పత్తి పక్కన అది కుదరదు కనక వట్టి చుట్టే. చుట్ట కదిలితే మాట వస్తోందని ఆమెకే తెలిసిపోయేది. ఆపి, ఊపిరి పీల్చుకుని, మాటని వెనక్కి మింగి, మళ్ళీ నెట్టేది.

ఇల్లంతా తిరనాళ్ళలా ఉండేది. బకెట్లు చాలక ఇరుగుపొరుగు బకెట్లు వచ్చాయి. గొట్టాలు చాలక ఆదిబాబు రెండో సైకిల్ పంపు అప్పు తెచ్చాడు. చీపుర్లన్నీ పుల్లలైపోయి ఇల్లు ఊడవడానికి ఏమీ మిగల్లేదు. వరహాలమ్మ వచ్చి, ముఖ్యమైన మనిషిలా కూర్చుని, కొవ్వొత్తులకి కాగితం చుట్టేది. “నా ఆవకాయనన్న నోరు ఇలగ మూసుకున్నాదేటి” అని చుట్ట వైపు చూసి నవ్వేది. బంగారమ్మ కళ్ళతోనే కసిరేది.

మొదటి పెట్టె పట్టుకుని పద్మకుమారి సాక్చీ వెళ్ళింది. పొద్దున పదకొండింటికే దుకాణం నిండా పండగ జనం. బేరాలతో, అరుపులతో చెవులు చిల్లులు పడుతున్నాయి. సేఠ్ గల్లా మీద ఒక కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించాడు. అది మాట్లాడలేదు. సేఠ్ “షాబాష్” అనబోయాడు. నోరు తెరుచుకుంది, మాట రాలేదు.

ఆ మంట వెలుగు పడినంత మేరా ఎవరికీ మాట రాలేదు. ప్రమిదల ధర తెగ్గొయ్యమని గొంతు చించుకుంటున్న ఆవిడ చెయ్యి గాల్లోనే ఉంది, నోరు తెరిచే ఉంది, చప్పుడు లేదు. బంగారమ్మ ఒక్కొక్క మాటా వెనక్కి మింగినప్పుడల్లా అరవయ్యేళ్ళుగా పోగుపడ్డ మౌనం కొంచెం కొంచెంగా వత్తిలోకి దిగిపోయిందన్నమాట. జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మాట లేకపోతే బేరం ఎలా? సేఠ్ పలక మీద ధర రాసి చూపించాడు. ఆవిడ ఒకసారి పలకనీ, ఒకసారి కొవ్వొత్తినీ చూసి, డబ్బులిచ్చి ప్రమిదలు పట్టుకుపోయింది. ఆమె వెనక ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు.

సేఠ్ కొవ్వొత్తి ఆర్పాడు. గోల మళ్ళీ వచ్చి పడింది. సరుకు తిప్పికొడతాడేమోనని పద్మకుమారి పెట్టెని దగ్గరికి లాక్కుంది.

“బేటీ, ఇన్నేళ్ళలో నా దుకాణంలో బేరం లేకుండా అమ్ముడవడం ఇదే మొదలు. ఎన్ని చేస్తే అన్నీ తీసుకురా” అన్నాడు సేఠ్. మళ్ళీ వెలిగించుకున్నాడు.

రెండో వారానికి ఆ కొవ్వొత్తుల పేరు ఊరంతా పాకింది. పరీక్షలు రాయించే మాస్టర్లు కొన్నారు. తోడికోడళ్ళున్న ఇళ్ళవాళ్ళు రెండేసి కొన్నారు. పూజారులు మాత్రం కాస్త గునిశారు గానీ, మంత్రాలు పెదాలతో చదివి పూజ తొందరగా ముగించుకోవచ్చని తెలిశాక వాళ్ళూ ఊరుకున్నారు. పద్మకుమారి పెరటి గది తీసుకుంది. సున్నం వేయించింది. నవారు మంచం తెప్పించింది. కిటికీకి కట్టడానికి బజారంతా తిరిగి ఒక ఎర్రగుడ్డ తెచ్చింది. మామూలు ఎరుపు కాదు, మడత విప్పగానే దుకాణంవాడి మొహం కూడా ఎర్రగా కనిపించేంత ఎరుపు. అది కడుతుంటే బంగారమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఏమీ అనలేదు. కొవ్వొత్తీ ఏమీ అనలేదు. ఇప్పుడు కొవ్వొత్తులు మాట్లాడటం లేదు కదా.

పద్మకుమారిని అక్కడే దిగులు పట్టుకుంది. పప్పులో ఉప్పు సరిపోతోందో లేదో తెలియడం లేదు. గది నచ్చిందో లేదో తెలియడం లేదు. అన్నిటికంటే, అత్తగారికి ఇక్కడ ఉండాలనుందో ఖరగ్‌పూర్ వెళ్ళాలనుందో ఎవరికీ తెలియదు. తను గది ఇచ్చి కూర్చోబెట్టి, ఆమె మనసు అక్కడుంటే?

“అత్తా, బావగారు వత్తాడంట. నీకెలగుంది? ఎల్తావేటి?” అని అడిగేసింది ఒకరోజు.

“మీరెలగంటే అలగే.”

ఆదిబాబు కూడా అడిగాడు, డ్యూటీకి పోతూ. “అమ్మా, అన్నియ్యతో ఎల్తావా, ఉంటావా?” అని, పెడల్ మీద కాలేసి, గేటు దాటాడు. అడిగేశానని అతనికి తృప్తి.

పాత కొవ్వొత్తి ఒక్కటి దొరికినా చాలనుకుంది పద్మకుమారి. కొవ్వొత్తులు మాట్లాడే రోజుల్లోది ఎక్కడైనా మిగిలి ఉండొచ్చు. వీధంతా తిరిగింది. వరహాలమ్మ దేవుడి గూటి వెనక బొటనవేలంత ముక్క దొరికింది. ఇద్దరూ తలుపు మూసి వెలిగించారు. అత్తగారి గొంతు వినబడగానే పద్మకుమారికి కళ్ళు చెమర్చాయి.

“పెద్దోడింట్లో కుళాయి లోపలే ఉంటాది. మంచం మెత్తగుంటాది. పెద్దకోడలు టీ తెచ్చి సేతికిత్తాది. నాకు మాత్రం…”

మైనం అయిపోయింది. వత్తి ఒకసారి ఎర్రగా మినుకుమని ఆరిపోయింది.

“నాకు మాత్రం ఏటి?” అంది వరహాలమ్మ.

ఇంకో ముక్క ఉందేమోనని పద్మకుమారి దేవుడి గూటి వెనక మళ్ళీ తడిమింది.

దీపావళి రోజు మధ్యాహ్నం బండికి ధర్మరాజు దిగాడు. పెద్ద మనిషి, పెద్ద గొంతు. వర్క్‌షాపులో యంత్రాల మీదుగా అరిచి అరిచి ఆ గొంతు అలాగే స్థిరపడిపోయింది. మంచివాడే. తల్లికి శాలువా తెచ్చాడు, మరదలికి గాజులు తెచ్చాడు. పద్మకుమారి అతన్ని తిన్నగా పెరటి గదికి తీసుకెళ్ళింది. సున్నం, మంచం, ఎర్రగుడ్డ, అన్నీ చూపించింది.

“బాగున్నాది” అన్నాడు ధర్మరాజు మనస్ఫూర్తిగా. “శానా బాగున్నాది. నువ్వు కష్టపడినావమ్మా, కాదనను. అయినా అమ్మ నాకాడే ఉండాల. గది కోసం కాదిది. నాను పెద్దోడిని. రేపు పొద్దున్న బండికి తీసుకెల్లిపోతాను.”

ఆదిబాబు అన్న ముందు నేల చూశాడు. పద్మకుమారి ఇన్ని వారాలుగా కట్టుకున్న ఉపాయం ఒక్క మాటతో కూలిపోయింది. బంగారమ్మ గోడకి చేరబడి, వెలిగించని చుట్ట నోట్లోనే పెట్టుకుని కూర్చుంది. వత్తుల పని నాలుగు రోజుల కిందటే అయిపోయినా ఆ చుట్ట తియ్యడం ఆమె మరిచిపోయింది. అంతా అలాగే అనుకున్నారు.

పొద్దు వాలింది. ప్రమిదలు గుమ్మంలో వరసగా వెలిగాయి. వీధిలో పిల్లలు మతాబులు మొదలుపెట్టారు. అందరూ లోపల భోజనాలకి కూర్చోబోతుండగా కరెంటు పోయింది. పండగ పూట కూడా వదల్లేదు. పద్మకుమారి చీకట్లో తడుముకుని, సేఠ్ వంకరగా ఉన్నాయని పక్కన పెట్టిన పెట్టెలోంచి ఒక కొవ్వొత్తి తీసి వెలిగించింది. ఇంట్లో ఇంకేమీ లేవు మరి. ఊరందరికీ వెలుగమ్మే ఇల్లు కదా, సొంతానికి వంకరవే మిగులుతాయి.

“అమ్మా, పొద్దున్న నాలుగింటికే లేవాల. నీ బట్టలన్నీ…” అంటున్న ధర్మరాజు గొంతు అక్కడే ఆగిపోయింది. గొంతు సవరించుకోబోయాడు. అదీ చప్పుడు కాలేదు. ఆదిబాబుకి అర్థమై, కొవ్వొత్తి వైపు చూపించి, ఇది అంతే అన్నట్టు చెయ్యి ఊపాడు. ధర్మరాజు కూడా తల ఊపి ఊరుకున్నాడు. ఆరాక చెబుదాంలే అనుకున్నట్టు కంచం ముందుకి లాక్కున్నాడు. గది నిండా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో బంగారమ్మ తల ఎత్తింది. కొడుకుల మొహాలు చూసింది, కోడలి మొహం చూసింది. ఎవరో ఒకరు తన బదులు మాట్లాడతారని అలవాటుగా ఎదురుచూసింది. ఎవరూ మాట్లాడలేదు. ఎవరూ మాట్లాడలేరు. అప్పుడు నోట్లోంచి చుట్ట తీసింది.

“ధర్మా” అంది.

పద్మకుమారి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ మౌనం బంగారమ్మదే. ఉన్నదంతా వత్తులకి ఎక్కించేసింది, సాక్చీ బజారంతా పంచిపెట్టేసింది. ఇంక ఆమె దగ్గర పిసరు కూడా మిగల్లేదు.

“ఏటలగ సూత్తన్నావు? మీ అమ్మనే. నువ్వు మంచోడివిరా. నీ ఇంట్లో కుళాయి లోపలే ఉంటాది. మంచం మెత్తగుంటాది. నీ పెళ్ళాం టీ తెచ్చి సేతికిత్తాది. నాకు మాత్రం అక్కడ పనేటీ లేదురా. పొద్దున్న కూకుంటే పొద్దుగూకేదాకా కూకోడమే. నలుగురూ ఏటో అంతన్నారంటావు. ఆ నలుగుర్నీ ఓపాలి నాకాడికి పంపించు. తలో ఒత్తీ నెట్టించి సూత్తాను.”

గొంతు పెద్దగా లేదు. పత్తితో మాట్లాడే గొంతే. ధర్మరాజు పెదాలు కదిలాయి. చప్పుడు రాలేదు. జీవితంలో మొదటిసారి అతను తల్లి మాటని మధ్యలో తుంచలేకపోయాడు.

“మీ నాయిన నన్ను బాగానే సూసినాడు. ఏనాడూ అడగలేదు. నువ్వూ అడగలేదు. ఆదిగాడు అడిగినాడు గానీ, జవాబు ఇనకుండా సైకిలెక్కీసినాడు.”

ఆదిబాబు తల కంచంలోకి వాలిపోయింది.

“ఈ గుంట ఉన్నాది సూడు. పప్పులో ఉప్పెక్కువైందని నాను పత్తితో అనుకున్నాను. మర్నాడు ఉప్పు తగ్గింది. నాను పుట్టినకాడ్నించి నా నోటి మాట ఒకటి జరగడం అదే మొదులు. ఎర్ర సీర సంగతి ఎప్పుడో అనుకున్నాను. కిటికీ నిండా కట్టింది. నాను ఇక్కడే ఉంటాను. ఇది మీరెలగంటే అలగ కాదు, నానంతన్నాను.”

పద్మకుమారికి ఏడుపొచ్చింది. చప్పుడు లేకుండానే ఏడ్చింది, నవ్వింది కూడా. ఇంతలో కొవ్వొత్తి వైపు చూసి కంగారుపడింది. వంకర కొవ్వొత్తి కదా, ఒక పక్కకి కారి తొందరగా అయిపోవస్తోంది. ధర్మరాజు కూడా అదే చూస్తున్నాడు. ముందుకి వంగి, ఊపిరి నిండా పీల్చుకుని, మాట నాలుక చివర పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అది ఆరగానే ఆ పెద్ద గొంతు మళ్ళీ ఈ గదిలో పడుతుంది. అంతా మామూలైపోతుంది.

బంగారమ్మ చెయ్యి చాపి పెట్టెలోంచి ఇంకొకటి తీసింది. ఆరిపోబోతున్న మంట దగ్గర పెట్టి వెలిగించింది.

“ఇంకా అవ్వలేదు” అంది.

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చేసింది. బల్బు భగ్గుమంది. వీధంతా ఒక్కసారి హోరుమంది. ఇంక కొవ్వొత్తితో పని లేదు. ఎవరైనా ఒక్కసారి ఊదితే చాలు. వీధి తలుపులోంచి టపాకాయల పొగతో పాటు గాలి కూడా దూసుకొచ్చి మంటని పడగొట్టబోయింది. ధర్మరాజు చటుక్కున కంచం ముందు నుంచి లేచాడు. కొవ్వొత్తి మీదికి వంగాడు. పద్మకుమారి కళ్ళు గట్టిగా మూసుకుంది.

మళ్ళీ తెరిచేసరికి మంట వెలుగుతూనే ఉంది. ధర్మరాజు నేల మీద మఠం వేసుకుని కూర్చుని, తన రెండు పెద్ద అరచేతులూ గాలికి అడ్డంగా పెట్టి ఉన్నాడు. తల్లి వైపు చూసి, కానీ అన్నట్టు గడ్డం కదిపాడు.

బంగారమ్మ కాళ్ళు చాపుకుంది. చుట్ట చెవి మీద దోపుకుంది.

“సోంపేటలో మా నాయినకి రెండు గేదెలుండీవి” అని మొదట్నించీ అందుకుంది.